మా చెల్లెలి కోరల్స్, నా క్వారంటైన్ తొట్టె

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా అమ్మకు మెట్లు దిగాలంటే భయం పట్టుకుంది. తొండియార్‌పేటలో మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. నాన్న పోయాక ఆ ఇంట్లో మేమిద్దరమే ఉంటున్నాం. నాకు పెళ్ళి కాలేదు. దాని కారణాలు ఇక్కడ అక్కర్లేదు. నేను రక్తపరీక్షలు చేసే ల్యాబులో టెక్నీషియన్‌ని. పొద్దున పోతే మళ్ళీ సాయంత్రానికే రావడం. అంతసేపూ అమ్మ హాల్లో కుర్చీ వేసుకుని సీరియళ్ళు చూసేది. వాటిలో ఏడుపులు మరీ ఎక్కువైనప్పుడు టీవీ ఆపేసి గోడను చూసేది. ఇంట్లో కదిలేది ఏదైనా ఉంటే బాగుంటుందని ఒక ఆదివారం కొళత్తూరు చేపల అంగళ్ళకు పోయాను.

రెండు గోల్డ్‌ఫిష్‌లు కొందామనే పోయాను. ఒక అంగడి లోపలి గదిలో నీలం లైటు కింద ఉప్పునీటి ట్యాంకు కనపడింది. అందులో రాళ్ళ మీద చొక్కా బొత్తాలంత పూలు గుంపులు గుంపులుగా నీటి వాలుకు ఊగుతున్నాయి. కొన్ని ఆకుపచ్చవి, కొన్ని నారింజ రంగువి. అవి పూలు కావు, ప్రాణమున్న కోరల్స్ అని, ఆ రకాన్ని జోవాలంటారని అంగడాయన తమిళంలో చెప్పాడు. మన సముద్రంలోని రాతి కోరల్స్ జోలికి పోకూడదట, అది నేరం. ఈ మెత్తని రకాలైతే కొత్తవాళ్ళ చేతిలో కూడా బతుకుతాయట. ఇంకో మాట కూడా చెప్పాడు. ఏది కొన్నా ఇంటికి తీసుకుపోయి నేరుగా ట్యాంకులో వెయ్యవద్దు, ముందు మందు నీళ్ళలో ముంచాలి, తరువాత వేరే తొట్టెలో కొన్ని వారాలు ఉంచి చూడాలి, పురుగు ఒక్కసారి లోపలికి పోయిందంటే దాన్ని బయటికి తెప్పించడం ఎవరి తరమూ కాదు.

ఆ మాట నాకు బాగా ఎక్కింది. పరీక్షించనిదేదీ శుభ్రమైనది కాదనేది నా ఉద్యోగం నేర్పిన సంగతే కదా.

ట్యాంకులో నీళ్ళు కుదురుకోవడానికే నెల పైన పట్టింది. మద్రాసు ఎండకు నీళ్ళు వేడెక్కకుండా పైన రెండు చిన్న ఫ్యాన్లు బిగించాను. ఫ్యాను గాలికి నీళ్ళు ఆవిరైపోతే ఉప్పు చిక్కనవుతుంది. అందుకని అద్దం మీద ఒక గీత గీశాను. నీళ్ళు గీత కిందికి దిగినప్పుడల్లా క్యాన్ నీళ్ళు ఒక చెంబు పొయ్యడం అమ్మ పని. ఆ పని ఆమె చాలా నిష్ఠగా చేసేది. వచ్చినవాళ్ళందరికీ ఆ గీత చూపించేది.

మొదటి జోవాలు తెచ్చిన రోజు వంటింటి అరుగు మీద తెల్ల బేసిన్ పెట్టి, ట్యాంకు నీళ్ళు పోసి, అందులో మందు కలిపాను. జోవాల్లో ఒక రకం విషం ఉంటుందట, అందుకని చేతులకు తొడుగులు, కళ్ళకు ల్యాబు అద్దాలు పెట్టుకున్నాను. కోరల్ ఉన్న రాతిముక్కను మందు నీళ్ళలో దించి, రబ్బరు బుడ్డి గొట్టంతో దాని మీదికి నీళ్ళు చిమ్ముతూ సందుసందునా కడిగాను. ఒక చిన్న పీత, తెల్ల దారప్పోగు లాంటి పురుగు బయటపడి బేసిన్ అడుగున గిలగిలలాడాయి. కోరల్‌ను మందు లేని ట్యాంకు నీళ్ళ గిన్నెలో కడిగి, వంటింటి మూల పెట్టిన అద్దపు తొట్టెలో ఉంచాను. ఆ తొట్టెలో ఇసుక లేదు, చేపలు లేవు, ఒక చిన్న పంపు, ఒక లైటు, అంతే. ఏ పురుగు రాలినా కనపడాలని అట్లా బోసిగా ఉంచాను.

అమ్మ చేతికర్ర పట్టుకుని వచ్చి చూసింది. "కరోనా అప్పుడు నన్ను కూడా ఇట్టానే పెట్టినావు గదే గదిలో. పాపం, ఒక్కటే ఉండాది ఆడ."

"పెద్ద ట్యాంకుకు పురుగు పట్టకుండా ఉండాలమ్మా."

"అది సరి. పగడాలంటివి, ఎర్రగా లేవేందే? ఉంగరానికి పనికిరావా?"

పనికిరావని చెప్పాను. ఆమె కొంచెం నిరాశ పడింది.

మా చెల్లెలు నాకంటే చిన్నది, నాకంటే అందమైనది, నాకంటే అదృష్టవంతురాలు. ఇది నేను ఇప్పుడు కుళ్ళుతో అంటున్న మాట కాదు, మా ఇంట్లో చిన్నప్పటి నుంచి అందరూ అనే మాటే. మా అమ్మకు చేతి గుణం మీద నమ్మకం. చిన్నపాప చెయ్యి మంచిదట. ఇడ్లీ పిండి రుబ్బి ఉప్పు వేసి కలపడానికి దాన్నే పిలిచేది. అది కలిపిన పిండి గిన్నె మూతను లేపేసేంతగా పొంగేదట. నేను కలిపితే గుండ్రాళ్ళట. నేను పాతిన కరివేపాకు మొక్క ఎండిపోయింది, అది సుమ్మా, ఊరికే విరిచి గుచ్చిన కొమ్మ మాత్రం పక్కింటి గోడ దాకా పోయింది. నాకు పదిహేనేళ్ళప్పుడు ఇవన్నీ నవ్వులాటగానే ఉండేవి. నలభై దాటాక కూడా వినాల్సి వస్తే నవ్వులాటగా ఉండదు.

చెల్లెలు పురసవాక్కంలో జవుళి అంగళ్ళ వెనక వీధిలో ఉంటుంది. వాళ్ళ ఆయనది వరంగల్ వైపు, ఐటీ ఉద్యోగం, మెత్తని మనిషి. అది మా ట్యాంకు చూడడానికి వచ్చిన రోజు ట్యాంకులో నా జోవాల గుంపు ఒకటి, ఒక కోమాలి చేప, అదే క్లౌన్‌ఫిష్, అంతే ఉండేవి. తొట్టెలో ఇంకో రెండు ముక్కలు వాటి వంతు కోసం కాచుకుని ఉన్నాయి. అది అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది.

"భలే ఉందక్కా. నేను కూడా పెడతా."

"పెట్టు. కానీ ఓపిక కావాల."

"ఏముందిలే అందులో," అంది.

నెల తిరగకుండా వాళ్ళ హాల్లో ట్యాంకు వచ్చింది. నాదానికి రెట్టింపు పొడవు. కోరల్స్ కొన్న రోజే సంచి విప్పి రాళ్ళ మీద పెట్టేసింది. ముంచడం లేదు, తొట్టె లేదు. నేను ఫోనులో చెప్తే, "అంగడాయన మంచోడేనక్కా, పురుగులున్నవి ఎందుకిస్తాడు?" అంది. నాలుగు రోజుల్లో తెలుస్తుందిలే అనుకున్నాను.

నాలుగు రోజుల్లో ఏమీ తెలియలేదు. నాలుగు నెలలకు దాని ట్యాంకులో జోవాలు రాయి కనపడకుండా కప్పేశాయి. నారింజ రంగు మధ్యలో ఆకుపచ్చ, ఊదా అంచుకు పసుపు చుక్క, ఆ రంగులు నేను అంగట్లో కూడా చూడలేదు. నా ట్యాంకులో ఉన్నవి బతికే ఉన్నాయి, అంతకు మించి ఏమీ లేదు. తొట్టెలో వారాల తరబడి ఉండి వచ్చిన ముక్కలు రంగు తగ్గి, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినవాళ్ళ మాదిరి నీరసంగా ఉండేవి.

నాకు కారణాలు తెలుసు. వాళ్ళ హాల్లో పగలంతా ఏసీ ఉంటుంది, నీళ్ళు వేడెక్కవు. దాని లైటు మంచిది. నా తొట్టెలో లైటు తక్కువ. ఇవన్నీ నాకు నేను చెప్పుకునేదాన్ని. అమ్మకు కూడా చెప్పాను. అమ్మ విని, "ఏసీ ఎవరింట్లో లేదులే. దాని చెయ్యి అట్టాంటిది," అంది.

ఆదివారాలు అమ్మను ఆటోలో ఎక్కించుకుని పురసవాక్కం పోయేవాళ్ళం. మా ఇంటి మెట్లు దిగడానికి భయపడే మనిషి, చిన్నకూతురి ట్యాంకు చూడ్డానికైతే నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగేది. అక్కడ సోఫాలో కూర్చుని కాఫీ చల్లారిపోయేదాకా చూసేది. ఒకసారి చెల్లెలి పక్కింటామె వచ్చి ట్యాంకును మెచ్చుకుంటే అమ్మ అంది, "మా పెద్దదాని ఇంట్లో కూడా ఉండాది ఒకటి. అది ఆస్పత్రి మాదిరి. ఇది పెళ్ళి మండపం మాదిరి లేదా?" పక్కింటామె నవ్వింది. చెల్లెలు నవ్వింది. నేను కూడా నవ్వాను. నవ్వినప్పుడు దవడ నొప్పి పుట్టింది, అది బాగా గుర్తుంది.

చెల్లెలు ఫ్యామిలీ గ్రూపులో ట్యాంకు ఫోటోలు పెట్టేది. మా పిన్ని, మేనమామ కూతుళ్ళు, నెల్లూరులోని పెదనాన్న కొడుకు, అందరూ పొగిడేవాళ్ళు. నేను కూడా గుండె బొమ్మ పెట్టేదాన్ని. పెట్టిన తరువాత ఫోటోను పెద్దది చేసి ఒక్కో మూలా వెతికేదాన్ని. నాచు పట్టిందా, ఏ జోవా అయినా ముడుచుకుందా, రాయి మీద తెల్లమచ్చ ఉందా? బస్సులో నిలబడి వెతికేదాన్ని, ల్యాబులో టీ తాగుతూ వెతికేదాన్ని. ఏమీ దొరికేది కాదు. ఒకసారి ఒక మచ్చ దొరికిందనుకుని ఫోటోను ఇంకా పెద్దది చేశాను. చూస్తే అది నా ఫోను అద్దం మీద మరక.

ఉగాదికి ముందు ఒక ఆదివారం చెల్లెలే మా ఇంటికి వచ్చింది. చేతిలో మూతబిగించిన ప్లాస్టిక్ డబ్బా. అందులో దాని ట్యాంకు నుంచి తీసిన జోవాల రాయి ఒకటి, అరచేతి వెడల్పు, నారింజ రంగుది, అన్నిటికంటే మంచిది.

"నీకే తెచ్చినానక్కా. నీ ట్యాంకులో రంగే లేదని అమ్మ అంటా ఉండాది గదా. ఇప్పుడే వెయ్యి, అమ్మ చూడాల."

అమ్మ అప్పటికే కుర్చీ ట్యాంకు దగ్గరికి జరుపుకుంది. నేను డబ్బా తీసుకుని వంటింటి వైపు నడిచాను.

"ఆడికి ఎందుకు?" అంది చెల్లెలు.

"ముందు ముంచాల గదా."

"ఇది అంగట్లోది కాదక్కా. నా ట్యాంకులోది."

"తెలుసు. ఏదైనా ముంచాల్సిందే."

అది వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. "అంటే నా ఇంట్లోది మురికిదా?"

"నేను అట్టా అనలేదే."

"ఏమే పెద్దపాపా," అమ్మ హాల్లోంచి అంది, "బిడ్డ ఆశగా తెచ్చింది. ఒక్కసారికి వేసెయ్యకూడదా?"

నేను తొడుగులు వేసుకున్నాను. బేసిన్‌లో మందు కలిపి, రాయిని దించి, గొట్టంతో నీళ్ళు చిమ్మడం మొదలుపెట్టాను. చెల్లెలు నా పక్కనే నిలబడి బేసిన్‌లోకి చూస్తోంది. కాసిని ఇసుక రేణువులు రాలాయి. నాచు ముక్క ఒకటి తేలింది. నేను రాయిని తిప్పి అడుగుభాగం కడిగాను, మళ్ళీ తిప్పాను. ఏదో ఒకటి రాలాలని కోరుకున్నాను. ఒక్క పురుగైనా, ఒక చిన్న పీత అయినా. ఏమీ రాలలేదు.

"దొరికిందా డాక్టరమ్మా?" అంది చెల్లెలు.

"లేదు."

"సరి. ఇంగ ట్యాంకులో వెయ్యి."

"తొట్టెలో ఉంచాలి. పురుగులైతే మందుకు చస్తాయి గానీ గుడ్లుంటే చావవు. అవి పిగిలినాక మళ్ళీ ముంచాల."

దాని ముఖం ఎర్రబడింది. కాఫీ కలిపి పెట్టాను, తాగలేదు. పోయేటప్పుడు అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని మోకాలు నిమిరి, నాతో మాత్రం 'వస్తానక్కా' అని గుమ్మం దాటాక అంది. ఆ రోజు అమ్మ నీళ్ళ గీత చూడ్డానికి కూడా లేవలేదు, చెంబు నీళ్ళు నేనే పోశాను.

కొన్ని రోజులకు తొట్టెలోని నారింజ జోవాలు ముడుచుకోవడం మొదలుపెట్టాయి. ఒక పక్క మొత్తం మొగ్గల్లా మూసుకుపోయింది. నా తొట్టెలో లైటు చాలక అనుకున్నాను. ఆ రోజే కాదు, మరుసటి రోజు కూడా అట్లానే ఉన్నాయి. శనివారం మధ్యాహ్నం ల్యాబు నుంచి వచ్చి, భూతద్దం పట్టుకుని తొట్టె ముందు కూర్చున్నాను. జోవాల కాడల మధ్య ఒక జోవా నడుస్తోంది.

నిజంగా అట్లానే అనిపించింది. బియ్యపు గింజంత ఉంది, ఒంటి నిండా కుచ్చులు, ఆ కుచ్చుల చివర్లు సరిగ్గా ఆ జోవాల నారింజ రంగు. గుల్ల లేని ఒక రకం సముద్రపు నత్త అది. జోవాలనే తిని, తిన్నదాని రంగే ఒంటికి తెచ్చుకుంటుంది. కదలకపోతే కనపడదు. దాన్ని గొట్టంతో పీల్చి, నీళ్ళతో సహా చిన్న గాజుబుడ్డిలో పెట్టి, సోమవారం ల్యాబుకు తీసుకుపోయాను. భోజనాల వేళ ఎవరూ లేనప్పుడు మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. మా చెల్లెలి కోరల్ రంగులన్నీ దాని ఒంటి మీద ఉన్నాయి. అంత అందమైన పురుగును నేను ఎన్నడూ చూడలేదు.

నాకు కలిగిన సంతోషం గురించి దాచడానికి ఏమీ లేదు. పరీక్షలో ఫస్టు వచ్చినట్టుంది. ఆ సాయంత్రం బస్సులో కూర్చోవడానికి సీటు దొరికినా కూర్చోలేదు.

ఇంటికి రాగానే చెల్లెలికి ఫోను చేశాను. సంగతి మొత్తం చెప్పాను. గుడ్లు దాని రాతితోనే వచ్చాయని, అంటే దాని ట్యాంకులో ఇంకా ఉంటాయని, ఇప్పుడే మొదలుపెడితే పోయేదేమీ లేదని చెప్పాను.

"నీ తొట్టెలోనే పుట్టుండొచ్చు గదా," అంది.

"నా తొట్టె ఖాళీగా ఉండింది. నీ రాయి తప్ప ఇంకేమీ లేదు."

"నా ట్యాంకులో అన్నీ బాగుండాయి."

"ఇప్పుడు బాగుంటాయి. కొంజెం కింద చూడు, కాడల దగ్గర. చక్రం మాదిరి తెల్లగా చుట్టుకుని ఉంటాయి గుడ్లు."

"నీ గొంతు ఎంత సంతోషంగా ఉందో నీకు వినపడతా ఉందా అక్కా?" అంది. "చిన్నప్పటి నుంచి నీకు నా మీద కుళ్ళే. నాది ఏదీ బాగుండకూడదు నీకు."

ఫోను పెట్టేసింది. అమ్మ నన్నే చూస్తోంది. "నిజంగానే పురుగుందా?" అని అడిగింది. బుడ్డి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని వెలుగుకు ఎత్తి చూసి, "బాగుందే," అని తిరిగి ఇచ్చేసింది.

నాకు కోపం వచ్చింది, చెల్లెలు అన్నది అబద్ధమై ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు. నేను చెప్పింది నిజం. నా కుళ్ళూ నిజం. ఆ రెండింటిలో దానికి ఒకటే వినపడింది. నేను దాని స్థానంలో ఉన్నా అదే వినపడి ఉండేదేమో.

ఆ తరువాత ఆదివారాలు నేను పురసవాక్కం పోలేదు. వాళ్ళ ఆయన కారులో వచ్చి అమ్మను తీసుకుపోయి దింపేవాడు. నేను అడగకుండా ఉండాలనుకుని, ప్రతిసారీ అడిగేదాన్ని.

"ఎట్టుండాయి?"

"బాగుండాయి," అనేది అమ్మ మొదటిసారి. తరువాతిసారి, "బాగుండాయి గానీ, పక్కన కొన్ని నిద్రపోతా ఉండాయి," అంది. ఆపై వారం అడిగితే చీర మార్చుకోవాలని లోపలికి పోయింది. గ్రూపులో ఫోటోలు ఆగిపోయాయి. నేను రోజూ చూసేదాన్ని, కొత్త ఫోటో వచ్చిందేమోనని. రానందుకు మొదట్లో హాయిగా ఉండేది. పోను పోను ఆ హాయి తగ్గిపోయి, చూడ్డం మాత్రం అలవాటుగా మిగిలింది.

నా తొట్టెలోని రాయిని నేను మళ్ళీ మళ్ళీ ముంచాను. ముంచినప్పుడల్లా చిన్న చిన్న నత్తలు రాలాయి. పట్టకారుతో గుడ్ల చుట్టలు గీకేశాను. మెల్లగా జోవాలు మళ్ళీ తెరుచుకున్నాయి.

ఒక శనివారం పొద్దున వాళ్ళ ఆయన ఫోను చేశాడు. "వదినా, జర మీరు ఒకసారి రావాలె. ఆమె అడగదు. రెండు దినాలసంది ట్యాంకు ముంగట్నే కూసుంటున్నది, తింటలేదు. మీరు చెప్పింది నిజమే. గుడ్లు నేను గూడ చూసిన."

మందు, తొడుగులు, అద్దాలు, బేసిన్లు సంచిలో సర్దుకుని బయల్దేరాను. దారంతా ఏమి మాట్లాడాలో కూర్చుకున్నాను. 'నేను చెప్పలేదా' అనే మాటను ఎన్ని రకాలుగా మెత్తగా అనొచ్చో అన్ని రకాలూ ఆలోచించుకున్నాను. కానీ తలుపు తీసిన చెల్లెలి ముఖం చూశాక అవేవీ నోటికి రాలేదు. ట్యాంకులో పెళ్ళి మండపం లేదు. రాయి బయటపడింది. ఇక్కడొకటి అక్కడొకటి జోవాలు మిగిలి ఉన్నాయి.

"అన్నీ తీసెయ్యాల," అన్నాను. "జోవాలున్న రాళ్ళన్నీ ముంచి, మా ఇంటికి తీసుకుపోయి తొట్టెల్లో పెడతా. ఈడ తినడానికేమీ లేకపోతే మిగిలిన పురుగులు కొన్ని వారాలకు ఆకలితో చస్తాయి."

అది తల ఊపింది. తొడుగులు వేసుకుంది. వాళ్ళ ఆయన బక్కెట్లు అందిస్తుంటే హాలు మధ్యలో పాత దుప్పటి పరుచుకుని కూర్చున్నాం. నేను ముంచి కడుగుతుంటే అది పట్టకారుతో గుడ్లు తీసింది. నాకు భూతద్దం లేకుండా కనపడని గుడ్లు దానికి ఉత్త కళ్ళకే కనపడుతున్నాయి. నేను రెండుసార్లు తిప్పి చూసి శుభ్రంగా ఉందన్న రాయిని తీసుకుని, "ఈడొకటి ఉంది చూడక్కా," అని సందులోంచి చుట్టను చుట్టగా, చిరగకుండా లాగేది. నా పని అది, నేను నేర్చుకున్న పని, నెలల తరబడి చేసిన పని. అది ఒక గంటలో నాకంటే బాగా చేస్తోంది. దాని దుఃఖంలో పాలు పంచుకోవడానికి పోయిన నాకు, ఆ దుప్పటి మీద కూర్చుని ఉండగానే పాత మంట మళ్ళీ మొదలైంది.

చివరి రాయి చేతిలో పట్టుకుని అది అంది, "నేనేది ముట్టుకున్నా బాగా వస్తుందని అమ్మ చెప్తానే ఉండె గదా. నేను నమ్మేసినా. నమ్మి ఏదీ సరిగ్గా నేర్చుకోలా."

"రాయి ఆరిపోతుంది, బక్కెట్లో పెట్టు," అన్నాను.

కారులో బక్కెట్లు మా ఇద్దరి కాళ్ళ మధ్య పెట్టుకుని తీసుకొచ్చాం. వ్యాసర్పాడి రైలు బ్రిడ్జి కింద ట్రాఫిక్ ఆగిపోయింది. చెల్లెలు బక్కెట్ మూత తీసి, బ్యాటరీ పంపు గొట్టం నీళ్ళలో ఉందో లేదో చూస్తూ, మధ్యమధ్య నీటి మీదికి దుపట్టాతో విసిరింది. "ఇంత ఎండగా ఉంటే ఎట్టా బతుకుతాయక్కా?" అంది. "బతుకుతాయి," అన్నాను. నాకు నమ్మకం లేదు, కానీ అది నన్ను అడిగింది. ఇంతకు ముందు ఎప్పుడూ నన్ను దేని గురించీ అట్లా అడగలేదు.

మా వంటింట్లో మూడు తొట్టెలయ్యాయి. గ్రైండరు హాల్లోకి పోయింది. అమ్మ కుర్చీ వంటింట్లోకి వచ్చింది. నేను వారం వారం ముంచాను, గీకాను, నీళ్ళు మార్చాను, లైటు పెద్దది కొన్నాను. ఆదివారాలు చెల్లెలు వచ్చి నా పక్కన నిలబడి పని చేసేది. వానలు మొదలయ్యేనాటికి జోవాలు తెరుచుకోవడమే కాదు, అంచుల్లో కొత్తవి పుట్టాయి. నా ఇంట్లో, నా నీళ్ళలో, నా చేతి కింద.

ఒక సాయంత్రం ల్యాబు నుంచి వచ్చేసరికి అమ్మ తొట్టె ముందు కూర్చుని ఉంది. నారింజ రంగు వెలుగు ఆమె కళ్ళజోడు మీద పడుతోంది. నేను చెప్పులు విప్పకుండా పక్కన నిలబడ్డాను. ఇప్పుడైనా నా చెయ్యి కూడా మంచిదేనని అంటుందని.

"ఎంత బాగా వచ్చినాయో చూడు," అంది అమ్మ. "ఎంతైనా చిన్నపాప పెట్టినవి గదా."

నేను చెప్పులు విప్పుకుని కాళ్ళు కడుక్కోవడానికి పోయాను.

తిరిగి ఇచ్చే రోజు వచ్చింది. ఇంకో వారం ఉంచుదామన్నాను, తరువాత ఇంకో వారం. చెల్లెలు సరేనంది. మూడోసారి నాకే సిగ్గేసి ఫోను చేసి రమ్మన్నాను. అది ఒక రాయిని నాకే వదిలేసి మిగతావి తీసుకుపోయింది. ఆ రాయి ఇప్పుడు మా హాల్లో ట్యాంకు మధ్యలో ఉంది, బాగానే ఉంది. వాళ్ళింట్లో మళ్ళీ పెళ్ళి మండపం కట్టింది, ఈసారి ఇంకా పెద్దది. వాళ్ళ బాల్కనీలో కూడా ఒక బోసి తొట్టె ఉంది. కొత్తది ఏది కొన్నా ముంచుతుంది, వారాల తరబడి ఉంచుతుంది, నాకంటే ఒక వారం ఎక్కువే ఉంచుతుంది. ముంచిన బేసిన్ ఫోటోలు కూడా గ్రూపులో పెడుతుంది. మా పిన్ని వాటికి కూడా దండం బొమ్మలు పెడుతుంది.

పోయిన నెల మేమిద్దరం కలిసి కొళత్తూరు పోయాం. అంగట్లో ఒక కుర్రజంట మొదటి జోవాలు కొంటున్నారు. వాళ్ళు తెలుగువాళ్ళే, గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చారట. నేరుగా ట్యాంకులో వెయ్యవద్దని చెల్లెలు వాళ్ళను ఆపింది. గుడ్ల సంగతి, మందు సంగతి, తొట్టె బోసిగా ఎందుకుండాలి, అన్నీ చెప్పింది. నా మాటలే, ఒక్కటి కూడా మార్చలేదు. కానీ నేను చెప్తే హెచ్చరిక మాదిరి ఉండే మాటలు దాని నోట్లో కథ మాదిరి ఉన్నాయి. ఆ అమ్మాయి నోరు తెరుచుకుని విన్నది. నేను కోరల్ సంచి పట్టుకుని వెనక నిలబడ్డాను.

"మీ నంబరు ఇస్తారా మేడం? డౌట్లొస్తే అడుగుతాం," అన్నాడు అబ్బాయి.

"మా అక్క నంబరు తీసుకోండి," అంది చెల్లెలు. "నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. నేను ఫోన్లు ఎత్తను."

నంబరు చెప్పాను. అది నన్ను పొగిడినందుకు నాకు సంతోషంగానే ఉంది, ఆటోలో ఇంటికి వచ్చేదాకా ఉంది.

రెండు రోజుల తరువాత ల్యాబులో ఉండగా ఆ అబ్బాయి ఫోను చేశాడు. జోవాలను ముంచామని, పీత ఒకటి రాలిందని, తరువాత ఏమి చెయ్యాలో అడగాలని అన్నాడు. చెప్పమన్నాను. కొంచెం తటపటాయించాడు.

"మీరు కాదండీ. ఆ రోజు మాకు అంతా వివరంగా చెప్పారే, ఆ మేడం ఉన్నారా?"